రిబేటు పోగా మిగిలిన దూరం

మా ఇంట్లో నా మాటకి రిబేటు ఉంది. దసరాకో దీపావళికో ఇచ్చేది కాదు, ఏడాది పొడుగునా అమల్లో ఉండేది. డ్యూటీ దిగి ఇంటికొచ్చి, భన్వర్‌టోంక్ దగ్గర పట్టాల మీద పులి కూర్చుంటే హారన్ కొట్టాననీ, అది లేచి మర్యాదగా పక్కకి జరిగి, బండి మొత్తం దాటేదాకా నిలబడి చివర్లో గార్డుకి తోక ఊపిందనీ చెప్పాననుకోండి, మా ఆవిడ బెండకాయలు తరుగుతూనే నా మాట కూడా తరగడం మొదలుపెట్టేది.

"పులి కాదు, నక్కయి ఉంటాది. తోక ఊపడం అబద్ధం. గార్డు నిద్దరోతా ఉంటాడు, ఆడికేటి తెలుసు."

మా అమ్మాయి బిలాస్‌పూర్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. దాని తెలుగు రెండు మాటలు నడిచి, మూడో మాటకి హిందీ ప్లాట్‌ఫారం ఎక్కేస్తుంది. "మమ్మీ, పప్పా కీ బాత్ మీద ఫిఫ్టీ పర్సెంట్ డిస్కౌంట్ తీసెయ్. బాకీ సచ్," అనేది, మిగతాది నిజమేనని.

"అంత నమ్మీకే," అనేది వాళ్ళమ్మ.

ఇలాంటి ఇంట్లో ఉంటూ, నన్ను మించిన కోతలరాయుడి చేతిలో పడి నేను బ్యాటరీ కారు కొన్నాను. ఎందుకు కొన్నానో చెప్పాలంటే ముందు మా ఆవిడ స్టేషన్ గురించి చెప్పాలి.

నేను కట్నీ లైన్లో గూడ్సు డ్రైవర్ని. కరెంటు ఇంజను. బిలాస్‌పూర్లో బయల్దేరితే ఉసలాపూర్, ఘుట్కూ, కల్మీటార్, కర్గీ రోడ్డు, సల్కా రోడ్డు, బెల్గహనా. అక్కణ్ణించి అడవి, ఎత్తు. బెల్గహనా దాటాక కొండల మధ్య ఒక చిన్న స్టేషన్ ఉంది. దాని పేరు రాయను. రాస్తే మీలో ఎవరో ఒకరు వెళ్ళి చూసొచ్చి, అక్కడేముందో నాకు చెబుతారు. అది నాకు ఇష్టం లేదు.

పలాస పక్క పల్లె నించి వచ్చిన మా మామగారు ఆ స్టేషన్లో బండ్లకి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా పనిచేశారు. మా ఆవిడ అక్కడే పుట్టింది. ఓణీ వేసుకునే వయసు దాకా అక్కడే పెరిగింది. స్టేషన్ వెనక, చెట్ల చాటున చిన్న క్వార్టర్ల వరస. అందులో చివరిది వాళ్ళది. పెరట్లో సీతాఫలం చెట్టు, వంటింటికి నీలం రంగు కిటికీ, గుమ్మం ముందు బట్టలుతుక్కునే బండ. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. పెళ్ళయిన కొత్తలో మిగతా ఆడవాళ్ళు సినిమా కథలు చెబుతుంటే, మా ఆవిడ నాకు ఆ ఇల్లు చెప్పేది.

రైల్వే ఆడపిల్లకి పుట్టిల్లు ఉండదు. క్వార్టర్ నంబరు ఉంటుంది. తండ్రికి బదిలీ అయిన మర్నాడే ఆ నంబరు ఇంకొకరిదైపోతుంది. వాళ్ళు గోడకి వేరే మేకులు కొడతారు, పెరట్లో వేరే మొక్కలు పెడతారు. మా మామగారికి బిలాస్‌పూర్ బదిలీ అయింది, ఆ తర్వాత రిటైరయి పలాస వెళ్ళిపోయారు. అక్కడ ఆయన కట్టుకున్న ఇంట్లో మా ఆవిడ ఎప్పుడూ చుట్టంలాగే ఉండేది. నీళ్ళు కావాలన్నా అడిగి తాగేది.

ఆమె స్టేషన్ మీంచి నేను ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు. ఒక్కసారీ ఆగలేదు. గూడ్సు డ్రైవరు తనకి ఇష్టమైన చోట ఆగడు, సిగ్నలు ఆపిన చోట ఆగుతాడు. మిగతా అన్ని స్టేషన్లలోనూ నన్ను గంటల తరబడి ఎండబెట్టిన కంట్రోలరు, ఆ ఒక్క స్టేషన్లో మాత్రం ఎప్పుడూ దారి ఇచ్చేవాడు.

ఇంజన్లో మాకొక పద్ధతి ఉంది. సిగ్నలు కనబడగానే అసిస్టెంటు వేలు చూపించి దాని రంగు గట్టిగా చెప్పాలి. డ్రైవరు కూడా చూసి, అదే మాట తిరిగి చెప్పాలి. ఒకరి కన్ను తప్పినా ఇంకొకరి నోరు కాపాడుతుందని. "హోమ్ గ్రీన్!" "హోమ్ గ్రీన్." "స్టార్టర్ గ్రీన్!" "స్టార్టర్ గ్రీన్." స్టేషన్లోకి రమ్మనేది హోమ్ సిగ్నలు, వెళ్ళమనేది స్టార్టరు. హోమ్ ఎల్లో, స్టార్టర్ రెడ్ అయితే లోపలికొచ్చి ఆగాలి, రెండూ గ్రీనైతే ఆగకుండా పోవాలి. మా ఆవిడ చిన్నతనం మొత్తం ఆ రెండు కేకల మధ్య వెనక్కి పోయేది. ఒక ప్లాట్‌ఫారం, జెండా పట్టుకున్న మనిషి, చెట్లు. క్వార్టర్లు ఆ చెట్ల వెనక. ఇంజన్లోంచి కనబడవు.

ఇంటికి రాగానే టిఫిన్ క్యారేజీ అందుకుంటూ అడిగేది.

"ఈయాల ఆగినారా?"

"లేదు. గ్రీను."

"మా ఇంటి మీంచే ఎల్తారు, గుక్కెడు మంచినీళ్ళు తాగరు. ఏం అల్లుడండీ మీరు!"

పాసింజరు ఉంది, పాసు ఉంది, ఎక్కి వెళ్ళిరావచ్చు కదా అంటారు మీరు. నేనూ అన్నాను. ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తు.

"పుట్టింటికి పాస్ మీద ఎల్తారేటండీ ఎవులైనా? గార్డు ఊదితే దిగాల, ఆడు ఊదితే ఎక్కాల. నాను నా బండిలో ఎల్తాను. గుమ్మం ముందర ఆగుతాను. నాకు బుద్ధి పుట్టినంతసేపు ఉంటాను."

అదీ సంగతి. ఆమెకి ప్రయాణం కాదు కావలసింది, ఆగడం.

రాయ్‌పూర్ రాజధానిగా మా రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులవి. రాయ్‌పూర్లో పెద్ద మేళా జరుగుతుంటే చూడ్డానికి వెళ్ళాం. జెయింట్ వీలుకీ పాపడ్ దుకాణానికీ మధ్య ఒక స్టాలు, అందులో ఒక కారు. చెప్పుల డబ్బాకి చక్రాలు తగిలించినట్టుంది. రెండే తలుపులు. ముందు ఇద్దరు పెద్దవాళ్ళు. వెనక సీటులో పిల్లలైనా పట్టాలి, అలిగిన వాళ్ళైనా పట్టాలి. టై కట్టుకున్న ఒక యువకుడు మమ్మల్ని పట్టేశాడు.

"పెట్రోల్ లేదు మేడమ్, గేర్ లేదు, పొగ లేదు, చప్పుడు లేదు," అన్నాడు హిందీలో.

"మరేటి ఉన్నాదండీ ఇందులో?" అంది మా ఆవిడ నాతో తెలుగులో.

ఒక్కసారి ఛార్జి చేస్తే ఎనభై కిలోమీటర్లు పోతుందన్నాడు. దాన్ని రేంజ్ అంటారట. కన్నార్పకుండా చెప్పాడు. ఆ చెప్పడంలో పనితనం చూసి నాకు ముచ్చటేసింది. మా పులి కూడా అలాగే తోక ఊపింది.

"డిస్కౌంటేమైనా ఉందా?" అన్నాను.

ఆ ప్రశ్న కోసమే పుట్టినట్టు అందుకున్నాడు. ప్రదర్శనలో పెట్టిన బండి కాబట్టి ఒక డిస్కౌంటు, మేళా డిస్కౌంటు, పొగ రాదు కాబట్టి సర్కారు ఇచ్చే రాయితీ, ఏడాది చివర కాబట్టి ఇంకొకటి, రైల్వే ఉద్యోగి కాబట్టి సీటు కవర్లు ఉచితం.

"ఇన్ని తగ్గింపులు ఇస్తన్నాడంటే దీనికి అన్ని జబ్బులున్నట్టే," అంది మా ఆవిడ. అయినా తలుపు తీసి లోపల కూర్చుంది. కూర్చుని, అద్దంలోంచి ఎదుటి జెయింట్ వీలుని కాకుండా ఇంకేదో చూసింది.

నేను అతగాడి మాటకి మా ఇంటి పద్ధతిలో రిబేటు తీశాను. సగం తీస్తే మరీ అన్యాయం, టై కట్టుకున్నాడు పాపం. పావు తీశాను. ఎనభై లోంచి పావు పోతే అరవై. ఆమె స్టేషన్ అరవై లోపే. ఆ లైన్లో ప్రతి కిలోమీటరు రాయీ నాకు ముఖపరిచయం. ఉదయం బయల్దేరి, స్టేషన్లో ప్లగ్గు అడిగి పెట్టుకుని, పగలంతా ఛార్జి ఎక్కిస్తే సాయంత్రం తిరిగి రావచ్చు. ఈ లెక్క మొత్తం ఆమె కారు తలుపు తీసి వేసే లోపల అయిపోయింది.

"ఎల్తాదేటండీ అక్కడికి?"

"వెళ్తుంది."

"రిబేటు తీసే సెప్తన్నారా?"

"తీసే."

అంతే. కొనేశాం.

రాయ్‌పూర్ నించి బిలాస్‌పూర్ ఆ ఎనభై కన్నా ఎక్కువ. అందుకని మా కరెంటు కారు ఉల్లిపాయల డీజిల్ లారీ ఎక్కి ఇంటికొచ్చింది. కాలనీ మొత్తం వచ్చి చూసింది. దించాక కూడా వారం రోజులు ఉల్లిపాయ వాసన వేసేది.

దానితో బతకడం ఒక గేదెని పెంచినట్టే. రాత్రి మేత పెట్టాలి, పొద్దున్న నీళ్ళు చూడాలి. వంటింటి ప్లగ్గు నించి కిటికీ గుండా లావుపాటి వైరు లాగి కారుకి తగిలించేవాళ్ళం. కారు తింటున్నంతసేపూ మిక్సీ వెయ్యకూడదు, వేస్తే ఇల్లంతా చీకటి. ముందుసీటు కింద బ్యాటరీల మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోయడం మా ఆవిడ పని. కొళాయి చెంబుతో తులసికి, ప్లాస్టిక్ సీసాతో కారుకి. "ఇదొక్కటే ఈ ఇంట్లో కొన్న నీళ్ళు తాగుతాది," అనేది.

పక్క క్వార్టర్లో ఒక రిటైరైన గార్డు గారు కొడుకు దగ్గర ఉండేవారు, విజయనగరం వైపు మనిషి. ఆయనకి నేను చెప్పిన కథలకి పన్ను వేస్తే డివిజన్‌కి లాభం వచ్చేది. ఈ కారు పల్లంలో దిగేటప్పుడు కరెంటు తిరిగి బ్యాటరీలోకి ఎక్కుతుందని మేళాలో టై అబ్బాయి చెప్పాడు, అది కొంత నిజమే. నేను దాన్ని కాస్త సాగదీశాను.

"ఫ్లైఓవర్ దిగినప్పుడల్లా బ్యాటరీ పొంగిపోతోందండీ. నిన్న మిగిలిన కరెంటు ఇంట్లోకి వదిలాం. ఫ్యాను తిరిగింది."

"ఓరి బాబో! మా ఇంటికో వైరు లాగరాదేటయ్యా?" అన్నారాయన. మర్నాడు నిజంగానే వైరు చుట్ట పట్టుకొచ్చారు. మా ఆవిడ ఆయనకి టీ ఇచ్చి, నా తరఫున రిబేటు తీసి పంపించింది.

కారులో ఆమె నా పక్కన కూర్చుంటే అసిస్టెంటే. నేను సరదాకి నేర్పిన కేకలు ఆమె సీరియస్‌గా పట్టుకుంది. దయాల్‌బంద్ వైపు వెళ్తుంటే వేలు చూపించి, "గేదె, రెడ్!" అనేది. నేను "గేదె, రెడ్," అని బ్రేకు తొక్కేవాణ్ణి. "అత్తా కోడళ్ళు, ఎల్లో!" "అత్తా కోడళ్ళు, ఎల్లో." చప్పుడు లేని బండి కదా, ముందు పోయేవాళ్ళకి మేం వస్తున్నట్టు తెలిసేది కాదు. మా కేకలు విని తప్పుకునేవారు. మా అమ్మాయి మాత్రం కాలేజీ గేటుకి ఒక సందు ముందే దిగిపోయేది. "ప్లీజ్ పప్పా, యహీ రోకో," అని.

ఫాల్గుణంలో నాకు వరసగా రెస్టు దొరికింది. ఆ ముందు రాత్రి కారుకి కడుపునిండా ఛార్జి పెట్టాం. మా ఆవిడ పులిహోర కలిపింది. నీలం చీర కట్టుకుంది. ఎవరింటికైనా వెళ్తే ఖాళీ చేతులతో వెళ్ళకూడదని, ఇప్పుడా క్వార్టర్లో ఎవరున్నా ఇవ్వడానికి పసుపూ కుంకుమా, జాకెట్టు ముక్కా సంచిలో పెట్టుకుంది. పుట్టింటికి వెళ్తూ పుట్టింటివాళ్ళకి జాకెట్టు ముక్క పట్టుకెళ్ళిన ఆడపిల్లని నేను మరెక్కడా చూడలేదు.

గనియారీ దాటి కోటా దాకా బండి పెళ్ళికొడుకులా పోయింది. రోడ్డుకి రెండు పక్కలా మోదుగలు ఆకు రాల్చేసి ఎర్రగా మండుతున్నాయి. మా ఆవిడ ప్రతి మలుపుకీ వేలు చూపించింది. "మోదుగు, గ్రీన్!" అంది ఒకసారి.

"అది ఎరుపే."

"మనకి గ్రీనే."

కోటా దాటాక రోడ్డు పట్టాల నించి విడిపోయింది. అప్పుడు తెలిసింది నేను చేసిన పని. నా అరవై కిలోమీటర్లు రైలు కిలోమీటర్లు. పట్టాల పక్క రాళ్ళ మీద ఏ అంకె రాసి ఉంటే భూమ్మీద దూరం అంతేనని నమ్మే జాతి మాది. మా కాలనీలో ఎవర్నైనా ఏ ఊరు ఎంత దూరమని అడగండి, రైలు దూరమే చెబుతారు. కాని రైలుకి కొండ అడ్డొస్తే మనుషులు కొండని తవ్వుతారు, పల్లాన్ని గట్టుతో పూడుస్తారు. రోడ్డుకి అంత గౌరవం లేదు. ప్రతి గుట్టా ఎక్కుతుంది, ప్రతి వాగులోకీ దిగుతుంది, ప్రతి ఊరినీ పలకరించి పోతుంది. ఎక్కే ప్రతిసారీ మా ఛార్జి ముల్లు కిందికి జారింది.

నాకు పావు రిబేటు చాలలేదు. ఆ టై అబ్బాయి మాటకి మా ఆవిడ రిబేటే తీసి ఉండవలసింది.

బెల్గహనా దాటిన కాసేపటికి ముల్లు అడుగుకి ఆనింది. కారు నడక ముసలివాడి నడక అయింది. ఒక గుట్ట నెత్తికి ఎలాగో చేరాం. అవతల పల్లం, పల్లం చివర నాలుగు పెంకుటిళ్ళు.

కరెంటు ఇంజన్లో మాకు దారిలో అక్కడక్కడా తీగలో కరెంటు లేని చిన్న ముక్క వస్తుంది. అక్కడ డ్రైవరు కరెంటు తనే ఆపేసి, ఉన్న ఊపు మీద జారి అవతలికి చేరాలి. ఆ కాసేపు ఇంజన్లో ఫ్యాను ఆగిపోతుంది, మోటార్ల హోరు ఆగిపోతుంది.

"న్యూట్రల్ సెక్షన్," అన్నాను మా ఆవిడతో. ఆమెకి తెలుసు దాని అర్థం.

"న్యూట్రల్ సెక్షన్," అని తిరిగి చెప్పింది. పల్లం కేసి చూసి, "అవతల కరెంటు ఉంటాదా?" అంది.

"ఉంటుంది."

రిబేటు తీసి చెప్పారా అని ఈసారి అడగలేదు. చప్పుడు లేకుండా జారుకుంటూ వెళ్ళి, ఒక పిండి మర ముందు ఆగాం.

మర నడిపేది మా ఆవిడ ఈడు మనిషే. తల నించి పాదాల దాకా పిండి. బయటికి వచ్చి కారు చుట్టూ తిరిగి చూసింది. "ఏ గాడీ హా బిజ్లీ ఖాథే కా?" అంది. ఈ బండి కరెంటు తింటుందా అని.

"తింటుంది. ఆకలి మీద ఉంది," అన్నాను.

నవ్వి వైరు తెచ్చుకోమంది. ఒక్కటే షరతు. మర తిరిగితే కారు తినలేదు, కారు తింటే మర తిరగదు. ఆ ఊరికొచ్చే కరెంటు అంతే.

స్టేషన్ ఎంత దూరమని మా ఆవిడ హిందీలో అడిగింది. ఆమె ఎదుటి కొండ వైపు చెయ్యి చూపించింది. దాని అవతలే. రోడ్డున వెళ్తే దగ్గరే. తను ఇప్పుడే స్టేషన్ దగ్గర కొట్టుకి పిండి బస్తా వెయ్యడానికి వెళ్తోంది. మోపెడ్ గోడకి ఆనించి ఉంది. వెనక ఒకరు కూర్చోవచ్చు.

ఒకరు.

మా ఆవిడ నా వైపు చూసింది. కారు వైపు చూసింది, అది మళ్ళీ గుట్ట ఎక్కే వేళకి చీకటి పడుతుంది. మర దగ్గర గోధుమల బుట్టలతో కూర్చున్న ఆడవాళ్ళని చూసింది. మరామె తాళం గుత్తి నా చేతిలో పెట్టేసి, పై మీట కిందికి లాగితే ఆగుతుందని చూపించడం కూడా అయిపోయింది. నాకు తెలియకుండానే నాకు అక్కడ డ్యూటీ పడింది.

"మీరో మరి?" అంది మా ఆవిడ.

"నేనెప్పుడు ఆగాను గనక. నువ్వెళ్ళు."

"మీతోటే ఆగాలనుకున్నాను."

వేలు ఎత్తి కొండ వైపు చూపించాను. "స్టార్టర్ గ్రీన్!"

ఆమె "స్టార్టర్ గ్రీన్," అని, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని మోపెడ్ ఎక్కింది. పిండి బస్తా ముందు, ఆ మనిషి మధ్యలో, మా ఆవిడ వెనక. నీలం చీర గుట్ట ఎక్కి అవతలికి దిగిపోయింది.

ఆ పూట నేను నాలుగు పల్లెల గోధుమలు విసిరాను. కారుకి కాసేపు, మరకి కాసేపు. ఆడవాళ్ళు నా పనితనం చూసి పకపకా నవ్వారు. మధ్యలో కొండ అవతల గూడ్సు హారన్ వినబడింది. పొడుగ్గా, ఆగకుండా. మావాళ్ళలో ఎవడో గ్రీను మీద పోతున్నాడు. ఆ క్షణాన ఆమె ప్లాట్‌ఫారం మీద ఉందో, ఇంటి ముందు ఉందో. ఇంజన్లో నేనుంటే ఆమె నాకు కనబడేదా అని ఆలోచించాను. చెట్ల వెనక ఉంటే కనబడదు.

ఎండ వాలాక మోపెడ్ తిరిగొచ్చింది. మా ఆవిడ దిగి, నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఓలమ్మో, ఒక్కపూటకే ముసిలోరైపోనారు!" అంటూ నా జుట్టులో పిండి దులిపింది. చాలాసేపు దులిపింది.

"ఉందా?" అన్నాను.

కుండ దగ్గరికి వెళ్ళి నీళ్ళు ముంచుకుని తాగింది. వచ్చి నులకమంచం మీద కూర్చుంది.

"ఉన్నాది. అలాగే ఉన్నాది."

"కిటికీ?"

"నీలం రంగే. కొత్తగా ఏసినారు. బట్టలుతుక్కునే బండ కూడా ఉన్నాది. ఇంటామె మంచిది. లోపలికి రమ్మన్నాది, టీ ఇచ్చినాది. జాకెట్టు ముక్క ఇస్తే కళ్ళకి అద్దుకున్నాది." ఆగి, ఇంకా వేగంగా చెప్పింది. "సీతాఫలం సెట్టు ఎంత పెరిగిపోనాదో! ఇరగ్గాసినాది. కొమ్మలు నేలకి ఆనీసినాయి, అంత బరువు."

మర కంచె పక్కనే ఒక సీతాఫలం చెట్టు ఉంది. ఫాల్గుణం కదా, ఎండు పుల్లలే తప్ప ఒక్క ఆకు లేదు. ఆ అడవి మొత్తంలో, ఆ రాష్ట్రం మొత్తంలో ఆ నెలలో ఏ సీతాఫలం చెట్టుకీ ఆకుండదు. కాయ సంగతి సరేసరి. నేను ఆ చెట్టుని చూశాను. మా ఆవిడ కూడా చూసింది. నేను చూడ్డం చూసింది.

మరామె ఏదో అనబోయింది. మా ఇద్దరి ముఖాలూ చూసి, చీపురు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇరవై ఏళ్ళుగా నా కథలకి కత్తెర వేసిన మనిషి మొదటిసారి తను ఒక కథ చెప్పింది. చెయ్యి తిరగలేదు, నెలలు చూసుకోలేదు. నా పులి లాంటిదే, కాని నా పులిని నేను ఎప్పుడూ అంత ప్రేమగా చెప్పలేదు.

"రెండు కాయలు తేలేకపోయావా?" అన్నాను.

"పచ్చివి," అంది, నేల చూస్తూ.

"ముగ్గబెడితే పండేవి కదా."

అప్పుడు తలెత్తి నన్ను చూసింది. కళ్ళు నిండి ఉన్నాయి, పెదవి మీద నవ్వు ఉంది. "కొయ్యబుద్ధి కాలేదండీ," అంది.

పసుపు కుంకుమల సంచి ఆమె ఒళ్ళోనే ఉంది. పొద్దున ఎంత ఎత్తుందో అంతే ఎత్తుంది. నేను దానికేసి మళ్ళీ చూడలేదు. ఆ రోజు నేను రిబేటు తీయలేదు.

ఎక్కిన కాస్త ఛార్జితో కోటా దాకా వచ్చి, స్టేషన్లో ప్లగ్గు బతిమాలుకుని, మర్నాడు ఇల్లు చేరాం. ఆ తర్వాత నేను డ్యూటీ నించి వస్తే ఆమె టిఫిన్ క్యారేజీ అందుకునేది గాని, "ఈయాల ఆగినారా?" అని అడగడం మానేసింది. అడగకపోవడం అలవాటు కావడానికి నాకే చాలా రోజులు పట్టింది. ఇప్పటికీ గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఒక్క క్షణం ఆగుతాను.

కారు సంగతంటారా, బ్యాటరీలకీ వయసొస్తుంది. మొదట్లో చకర్‌భాటా దాకా షికారు పోయి, విమానాలు రాని విమానాశ్రయం చూసి వచ్చేవాళ్ళం. తర్వాత లింగియాడీహ్ దాకా వెళ్తే చాలనిపించేది. ఆ తర్వాత దయాల్‌బంద్. ఇంకో ఏడాదికి బుధవారం బజారు వెళ్ళి కూరలతో తిరిగొస్తే గొప్ప. చివరికి కాలనీ మలుపు తిరిగి ఆగిపోయింది, గార్డు గారి అబ్బాయీ నేనూ తోసుకొచ్చి క్వార్టరు పక్కన పెట్టాం. కొత్త బ్యాటరీల మీద మళ్ళీ ఏవో డిస్కౌంట్లు ఉన్నాయని రాయ్‌పూర్ నించి ఫోను వచ్చింది. వద్దన్నాను. అమ్మేద్దామంటే మా ఆవిడ వద్దంది.

సాయంత్రాలు ఆమె అందులోనే కూర్చుంటుంది. ముందుసీట్లో, తన వైపున. తలుపు తీసి పెట్టుకుని బఠాణీలు వలుస్తుంది. ఇంకొన్నేళ్ళకి ఈ క్వార్టరు కూడా ఇంకొకరి నంబరవుతుంది. మా అమ్మాయి కూడా ఎక్కడో కూర్చుని తన పిల్లలకి ఈ వంటింటి కిటికీ గురించి సగం హిందీలో చెబుతుంది కాబోలు. మొన్న అదే ఆలోచిస్తూ వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాను.

"ఎల్దామేటి?" అంది మా ఆవిడ, బఠాణీల లోంచి తలెత్తకుండా.

"పద."

కదలని కారులో బండి తీశాను. ఉసలాపూర్. ఘుట్కూ. ఎక్కడ ఎత్తు, ఎక్కడ వంతెన, ఎక్కడ హారన్ కొట్టాలో చెబుతూ పోయాను. ఆమె గిన్నె ఒళ్ళో పెట్టుకుని వేలు చూపిస్తూ కేకలు వేసింది. కర్గీ రోడ్డు గ్రీన్. సల్కా రోడ్డు గ్రీన్. గార్డు గారు గోడ మీంచి తొంగి చూసి, మాకేదో అయిందనుకుని లోపలికి పోయారు. బెల్గహనా గ్రీన్. అడవి వచ్చింది. మలుపు తిరిగాం.

"హోమ్..." అని ఆమె ఆగింది. నేను అలవాటుకొద్దీ గ్రీన్ అనబోయాను.

"ఎల్లో," అంది.

నేను ఆమె వైపు చూశాను. "హోమ్ ఎల్లో," అన్నాను.

"స్టార్టర్ రెడ్."

"స్టార్టర్ రెడ్," అని చెప్పి, ఎప్పుడో ఆగిపోయిన కారుకి మెల్లిగా, ప్రయాణికులకి కుదుపు తెలియకుండా ఆపినట్టు, బ్రేకు తొక్కాను.

ఆమె గిన్నె పక్కన పెట్టి కారు దిగింది. నా వైపు వచ్చి తలుపు తీసి, "దిగండి. గుమ్మం పొట్టిగా ఉంటాది, తల సూసుకోండి," అంది. ఇంట్లోకి వెళ్ళి చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది. చల్లగా ఉన్నాయి. మా అత్తారింట్లో నిలబడి, చెంబు ఎత్తి, మొత్తం తాగాను.